చిట్టెమ్మకు మొదటి ముద్ద

ఆ ఇంట్లో మొదటి ముద్ద పిల్లది కాదు, పెట్టెది.

సుభాషిణి పప్పన్నంలో నెయ్యి వేసి మెత్తగా పిసికి, చెంచాడు తీసి, నీళ్ళతో పల్చగా కలిపి, టిఫిన్ క్యారియర్ అంతున్న ఆ తెల్ల పెట్టె నెత్తిమీది గాజు గరాటులో పోయాలి. అది గుటక వేసినట్టు చిన్న చప్పుడు చేస్తుంది. అప్పుడు గానీ హిమజ నోరు తెరవదు. తొమ్మిదేళ్ళ పిల్ల కంచం ముందు కూచుని ఆ పెట్టె వంక మురిపెంగా చూస్తుంటే సుభాషిణికి ఒళ్ళు మండిపోయేది.

"చిట్టెమ్మా, ఉప్పు సరిపోయిందా?" అని పెట్టెని అడిగేది హిమజ.

"వండింది నేను. నన్నడుగు."

"నువ్వు నాలాగా తినవు కదమ్మా. చిట్టెమ్మైతే అచ్చం నాలాగే తింటుంది."

ఆ మాట నిజం. నిజం కాబట్టే సుభాషిణికి మరీ మండింది.

చిట్టెమ్మ అన్నది హిమజ పెట్టుకున్న ముద్దుపేరు. కాకినాడలో సముద్రం ఒడ్డునున్న పిల్లల ఆసుపత్రి వాళ్ళు దాన్ని తోడుపెట్టె అంటారు. లోపల గోరువెచ్చటి ఎర్రటి ద్రవంలో ఒక పేగు ముక్క, ఒక కాలేయం, ఒక కిడ్నీ, ఒక్కొక్కటి నానిన శనగగింజంత, బతికి ఉంటాయి. పేగూ కాలేయమూ హిమజ ఒంటి కణాల నుంచి పెంచినవి. కిడ్నీ మాత్రం సుభాషిణిది. పిల్ల కిడ్నీలు రెండూ పాడైనప్పుడు తన కిడ్నీ ఒకటి ఇచ్చింది సుభాషిణి. పిల్ల ఒంట్లో ఉన్నదే పెట్టెలోనూ ఉండాలి కదా, అందుకని అందులోంచి చిటికెడు తీసి పెట్టెలోనూ పెంచారు.

"చూశారా, నా కిడ్నీ కూడా దాని పక్షమే చేరింది," అని మొగుడి దగ్గర వాపోయింది ఒకసారి. పోర్టులో క్రేను నడిపే వీరభద్రం పకపకా నవ్వాడు. అది నవ్వాల్సిన మాట కాదని ఆ మహానుభావుడికి తెలియలేదు.

నిజానికి పెట్టె వచ్చిన కొత్తలో దానికి దణ్ణం పెట్టింది సుభాషిణే. హిమజకి పుట్టినప్పటి నుంచి ఫిట్స్. ఆ తరవాత కిడ్నీలు. కిడ్నీ మార్చాక రక్తపోటు. ఒక్కో రోగానికీ ఒక్కో మందు, ఆ మందుకి ఈ మందు పడదు, రెంటికీ కలిపి జ్వరం మందు పడదు. పెద్దవాళ్ళకైతే కాస్త అటూ ఇటూ అయినా ఒళ్ళు కాచుకుంటుంది గానీ, చేపపిల్లంత పిల్లకి సిరంజిలో ఒక గీత ఎక్కువైతే చాలు. ఒకసారి పొద్దున్నే తను ఫిట్స్ మందు పోసేసి స్నానానికి వెళితే, పోశావా లేదా అని అడగడం మరిచి వీరభద్రం మళ్ళీ పోశాడు. పిల్ల ఎంత లేపినా లేవలేదు. పిల్ల కళ్ళు తెరిచేదాకా మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

ఆ తరవాతే డాక్టర్ ఫర్హానా ఈ పెట్టె ఇచ్చింది. దాన్ని కనిపెట్టిన మనిషి ఆవిడే. "ఏ మందైనా ముందు దీనికి పొయ్యండి. ఇవి చిన్నవి కదా, హిమజ ఒళ్ళు ఒక రోజులో పడే పాట్లన్నీ ఇవి అరగంటలో పడతాయి. పచ్చదీపం వెలిగితే పిల్లకి ఇవ్వండి. పసుపుపచ్చైతే నాకు ఫోన్ చెయ్యండి. ఎర్రదైతే పారబొయ్యండి. ఒక్కటే షరతు. పిల్ల తిన్నదల్లా ఇదీ తినాలి. అప్పుడే రెండూ ఒక్కలా ఉంటాయి," అంది.

"మరి తినకూడనివి ఏంటండీ? ఇదివరకు పెద్ద చిట్టా ఇచ్చేవారు."

"ఇంక ఆ చిట్టాలు అక్కర్లేదు. ఏదైనా సరే, ముందు పెట్టెకి పెట్టండి. అదే చెబుతుంది."

వారం వారం రక్తం తీయించుకోవడం కూడా పోయింది. సూది అంటే ఆసుపత్రి గుమ్మంలోనే ఏడుపు లంకించుకునే పిల్ల, ఆ రోజు ఇంటికి వచ్చి పెట్టెని కావలించుకుని పడుకుంది. ఆ పక్కన ఇంకొకరికి చోటు లేకుండా పోయింది. సుభాషిణి కడుపులో కుళ్ళు మొదలైంది సరిగ్గా అక్కడే.

అప్పటిదాకా ఆ పిల్ల ఒంటి సంగతి చెప్పాలంటే సుభాషిణే. ఫిట్స్ వచ్చే ముందు పిల్ల కింది పెదవి ఒక పక్కకి లాగుతుందని కనిపెట్టింది తను. ఒంట్లో ఉప్పు తగ్గితే నోట్లోంచి ఏ వాసన వస్తుందో తెలిసింది తనకి. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా "అమ్మగారూ, మీరేమంటారు?" అని అడిగేవారు. ఇప్పుడు ఆసుపత్రికి వెళితే తెల్లకోట్లవాళ్ళంతా పెట్టె చుట్టూ చేరతారు. దాన్ని మెత్తటి దిండు మీద పెడతారు. ఏం తిన్నావు, ఎలా ఉన్నావు అని దాన్నే అడుగుతున్నట్టు ఉంటుంది వాళ్ళ వాలకం. సుభాషిణికి కుర్చీ చూపిస్తారు.

"మీరింక నిశ్చింతగా ఉండచ్చు సుభాషిణి గారూ," అంది ఫర్హానా ఒకసారి, చాలా మంచి మనసుతో. "అన్నీ అదే చూసుకుంటుంది."

పెళ్ళాంతో మాట్లాడే మొగుడు మధ్యలో సవతి పేరు ఎత్తినట్టు అనిపించింది సుభాషిణికి. నవ్వింది, ఇంటికొచ్చింది, గిన్నెలన్నీ ధడేల్ ధడేల్మని తోమింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి తగిలింది. ఒకరోజు బడి నుంచి వచ్చిన హిమజ పొట్ట పట్టుకుని నడుస్తోంది. సుభాషిణి పరుగున వెళ్ళి, "ఎక్కడ నొప్పే? ఇక్కడా? కిందా?" అని తడమబోయింది. పిల్ల ఆ చేతిని తోసేసి పెట్టె దగ్గరికి పోయి దీపం చూసింది.

"పచ్చగానే ఉందమ్మా. నాకేం లేదు."

"నీ పొట్ట నొప్పి నీకు తెలీదటే? దాన్ని చూసి చెప్తావా?"

"చిట్టెమ్మకి లేకపోతే నాకూ లేనట్టే," అంది హిమజ, లెక్కల మాస్టారిలా.

ఇంకోరోజు హిమజ అలమారలోంచి ఉగ్గుగిన్నె తీసుకొచ్చింది. ముక్కున్న చిన్న వెండిగిన్నె అది. హిమజకి పాలు తాగడం చేతగాని రోజుల్లో బొట్టు బొట్టుగా పోసింది దాంతోనే. తరవాత మందులన్నీ సిరంజితో కొలిచి దాన్లోకే వంచి పట్టేది. ఇప్పుడంటే పిల్ల మందు గ్లాసుతో తనే గడగడా తాగేస్తోంది గానీ, ఉగ్గుగిన్నె మందుల సంచిలోంచి సుభాషిణి ఎప్పుడూ తీసింది లేదు. తోమడానికి తీసి ఆ రోజే అలమారలో పెట్టింది.

"చిట్టెమ్మకి దీంతో పొయ్యమ్మా. గరాటులో పోస్తే దానికి పొలమారుతోంది."

"దానికి నోరుందా, పొలమారడానికి?" అంటూ సుభాషిణి గిన్నె లాక్కుంది. "ఇది నీది. ఎవరికీ ఇవ్వను."

మాట పిల్లతో అన్నా చూపు మాత్రం పెట్టె మీదే ఉంది. పెట్టె సన్నగా గుయ్యిమంటూ తన పని తను చేసుకుంటోంది.

కార్తీక మాసంలో సుభాషిణి తమ్ముడు అంబాజీపేట నుంచి వస్తూ వస్తూ దొడ్లో కాసిన పంపరపనసకాయలు గోనెసంచీడు తెచ్చి పడేసి పోయాడు. ఒకటి కోస్తే లోపల గులాబీరంగు తొనలు. సుభాషిణికి చిన్నతనం గుర్తొచ్చింది. వాళ్ళమ్మ తొన మీది పొర ఊడదీసి, ముత్యాల్లాంటి గుజ్జు అరచేతిలో పోసి, ఉప్పూ కారం చల్లి పెట్టేది. బడి నుంచి వచ్చిన హిమజని వెనక వరండాలోకి పిలిచి అలాగే పెట్టింది. పులుపుకి పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచి, "ఇంకా," అంది.

"ఉండు, చిట్టెమ్మకి..." అంటూ లేవబోయింది అలవాటుగా.

సుభాషిణి చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది. "దానికి పళ్ళు లేవుగా. ఇది మనిద్దరిదే. దానికి చెప్పకు."

హిమజ ఒక్క క్షణం ఆలోచించి, లోపలున్న పెట్టె వైపు దొంగచూపు చూసి, కిసుక్కున నవ్వింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు తన కోసం నవ్వి! సుభాషిణి గెలిచింది. పండు తినడం ఏం పాపం? మందా మాకా? పులుపు, తీపి, కాస్త ఉప్పు. ఆ రోజు నుంచి తల్లీ కూతుళ్ళ వరండా కచేరీ రోజూ సాగింది. రోజంతా ఆ వేళ కోసమే ఎదురుచూసేది సుభాషిణి. పెట్టెకి అన్నం పోసేటప్పుడు దాని వంక జాలిగా చూడటం కూడా మొదలుపెట్టింది. గోనెసంచి అడుగుకు వచ్చాక తమ్ముడికి ఫోన్ చేసి ఇంకో సంచి తెప్పించుకుంది.

మొదట వణికింది హిమజ చెయ్యి. పెన్సిల్ పట్టుకుంటే అక్షరాలు పాకుతున్నాయి. తరవాత తలనొప్పి అంది. మొహం ఉబ్బింది, ఒంటేలు తగ్గింది.

సుభాషిణి పెట్టె వంక చూసింది. నిక్షేపంగా పచ్చదీపం.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమెకి ముందు కలిగింది భయం కాదు, సంతోషం. పిల్లకి బాగోలేదని తను కనిపెట్టింది, అది కనిపెట్టలేకపోయింది. "చూశారా మీ పెట్టె ప్రతాపం!" అని వీరభద్రంతో అనేసింది కూడా. ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక, మంచం మీద పిల్ల చెయ్యి దానంతటది వణుకుతుంటే చూసి, అప్పుడు భయపడింది.

ఆసుపత్రిలో డాక్టర్ ఫర్హానా అన్నీ చూసి మంచం పక్కన నిలబడింది. పిల్ల మగతగా ఉంది. తలగడ పక్కనే పెట్టె ఉంది.

"కిడ్నీ బాగా దెబ్బతింటోంది," అంది. "ఇలా అవడానికి దారులు రెండు. కిడ్నీ నిలబడటానికి ఇస్తున్న మందు ఒంట్లో ఎక్కువై విషమైనా అవ్వాలి, లేదా ఒళ్ళు ఈ కిడ్నీ నాది కాదని తోసేస్తూ అయినా ఉండాలి. పెట్టె పచ్చగా ఉంది కాబట్టి మందు ఎక్కువ కాలేదు. అంటే ఇది రెండోదే. ఆ మందే రెట్టింపు చేసి ఇప్పుడే ఎక్కించాలి."

"రక్తం చూడరాండీ?" అన్నాడు వీరభద్రం.

"తీశాం. కానీ పెట్టెలు వచ్చాక ఒంట్లో మందు ఎంతుందో చూసే పరీక్ష ఇక్కడ ఎత్తేశారు. విశాఖ పంపాలి. రేపటికి గానీ తెలీదు. అంతదాకా ఆగితే కిడ్నీ దక్కదు."

"పెట్టే తప్పు చూపిస్తోందేమోనండీ?" అన్నాడు వీరభద్రం మళ్ళీ.

ఫర్హానా మొహంలో మొదటిసారి అలసట కనిపించింది. "ఇంతవరకూ తప్పు చెప్పలేదు. అది తప్పని తేలితే నేనే తీసుకుపోతాను. ఇంక ఏ ఇంట్లోనూ ఉంచను."

ఆ మాట సుభాషిణి చెవిలో పడింది. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. తను ఏం చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుని కూచుంటే చాలు, సవతి పీడ విరగడైపోతుంది.

ఆమె ఒళ్ళో చిన్న స్టీలు డబ్బా ఉంది. పిల్ల అన్నం ముట్టడం లేదని, ఇదైనా తింటుందని, పొద్దున్నే ఒలిచి తెచ్చిన పంపరపనస తొనలు. నర్సు మందు సీసా తీసుకుని లోపలికి వచ్చింది. సుభాషిణి లేచి నర్సుకి అడ్డంగా నిలబడింది.

"డాక్టర్ గారూ, నేను పెట్టెకి పెట్టనిది పిల్లకి పెట్టాను."

మూత తీసింది. పుల్లటి వాసన గదంతా వచ్చింది. ఫర్హానా డబ్బాలోకి వంగి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"కార్తీక మాసం మొదలు. రోజూను. పండే కదా అనుకున్నానండీ."

"పండే! ఈ జాతి పులుపు పళ్ళు..." ఫర్హానా గొంతు హెచ్చింది, మళ్ళీ తగ్గింది. "పేగులో ఒక కాపలా ఉంటుందమ్మా. మనం పోసే మందులో చాలా భాగం లోపలికి పోకుండా అదే విరిచేస్తుంది. దానికి పోగా మిగిలేదెంతో చూసుకునే మేం మందు కొలుస్తాం. ఈ పండు ఆ కాపలాని నిద్రపుచ్చుతుంది. అప్పుడు పోసిన మందంతా లోపలికే! పాత చిట్టాలో ఇది ఉండేది. చిట్టాలు అక్కర్లేదన్నది నేనే."

వీరభద్రం పెళ్ళాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"అయితే మందు ఆపెయ్యండి!" అంది సుభాషిణి.

"ఆపాక, ఇది పండు వల్ల కాదని, నిజంగానే ఒళ్ళు కిడ్నీని తోసేస్తోందని తేలితే? ఇచ్చినా ఆపినా, తప్పైతే పిల్లకే ముప్పు. వెంటనే చెప్పగలిగేది ఒక్కటే." ఫర్హానా పెట్టె వైపు చూసింది. "ఈ పండు దానికి పెట్టి, మీద రోజూ పోసే మందే పొయ్యాలి. పండే కారణమైతే అరగంటలో ఎర్రబడుతుంది. కానీ ఇన్నాళ్ళ పండూ ఒక్కసారిగా పెట్టాలి. అది తట్టుకోదు. మళ్ళీ పెంచాలంటే ఏడాది పడుతుంది."

"నేను పెడతాను," అంది సుభాషిణి.

మందుల సంచిలో చెయ్యి పెట్టి ఉగ్గుగిన్నె తీసింది. తొనల గుజ్జు వేళ్ళతో చిదిమి రసం తీసింది. పెట్టెని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఇంతకాలంలో దాన్ని ఒళ్ళోకి తీసుకోవడం అదే మొదలు. వెచ్చగా ఉంది, జ్వరం లేని పిల్ల ఒళ్ళున్నంత వెచ్చగా. గిన్నె ముక్కు గరాటుకి ఆనించి బొట్టు బొట్టుగా వంచింది. ఆమెకి తెలియకుండానే నోరు పాత మాటలన్నీ అనేస్తోంది. "ఒక్క గుటకే తల్లీ. అమ్మ కోసం. అయిపోయింది, ఇంకొక్కటి." పెట్టె గుటకలు వేసింది. దాని మీద మందు పోసింది.

దీపం పచ్చగానే ఉంది చాలాసేపు. తరవాత పసుపు తిరిగింది. సుభాషిణి పెట్టె వీపు నిమురుతూ కూచుంది. లోపలి గుయ్యిమనే చప్పుడు గతుకుల్లో పడినట్టు ఆగి ఆగి వచ్చింది. ఉన్నట్టుండి దీపం ఎర్రబడింది.

"పండే," అంది ఫర్హానా. నర్సు చేతిలో సీసా వెనక్కి పోయింది. అందరూ పిల్ల మంచం చుట్టూ చేరి సెలైన్లూ గొట్టాలూ సర్దుతున్నారు. మూల కుర్చీలో సుభాషిణి ఒళ్ళో పెట్టె మెల్లమెల్లగా చల్లబడుతోంది. ఆమె చీర కొంగు దానికి కప్పింది. ఎవరూ దాన్ని అడగలేదు, ఆమె కూడా ఇవ్వలేదు. ఇంతకాలం దాని మీద కత్తులు నూరిన మనిషి, వెక్కి వెక్కి ఏడ్చింది.

హిమజ కోలుకోవడానికి రోజులు పట్టింది. మందు ఒంట్లోంచి దిగేకొద్దీ చెయ్యి వణుకు తగ్గింది, కిడ్నీ మళ్ళీ దారికొచ్చింది. సూదులు కూడా మళ్ళీ వచ్చాయి. రోజూ పొద్దున్నే రక్తం తీస్తున్నారు. పిల్ల కీచుమని అరుస్తూ తల్లి మెడ కావలించుకుంటోంది.

"ఎక్కడ నొప్పే?" అని అడిగింది సుభాషిణి ఆ రోజు.

హిమజ అలవాటు ప్రకారం తలగడ పక్కకి చూసింది. అక్కడ ఏమీ లేదు. "ఇక్కడ," అంది పొట్ట కింద వేలు పెట్టి. "కొంచెం ఇక్కడ కూడా. చిట్టెమ్మేదమ్మా?"

సుభాషిణి దాచలేదు. దాచితే ఏమవుతుందో చూసింది కదా. పండు సంగతి, అరగంట సంగతి, ఎర్రదీపం సంగతి, అంతా చెప్పింది. పిల్ల ఏడుస్తుందనీ, తనని తిడుతుందనీ, ఇంక దగ్గరికి రాదనీ గుండె చిక్కబట్టుకుని కూచుంది. హిమజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆ పిల్ల అడిగింది వేరు.

"దానికి నువ్వే తాగించావా?"

"నేనే."

"దేంతో?"

"ఉగ్గుగిన్నెతో."

"నా ఉగ్గుగిన్నెతోనా?" హిమజ లేచి కూచుంది. "ఒళ్ళో పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను."

"తల్లీ అన్నావా?"

సుభాషిణికి అబద్ధం రాలేదు. "అన్నాను."

పిల్ల ముక్కుపుటాలు ఎగిరాయి. పెదవులు బిగుసుకున్నాయి. లేని పెట్టె వైపు కొరకొరా ఒక చూపు చూసింది. ఆ చూపు సుభాషిణి ఎరిగినదే. ఏడాదిగా కంచం ముందు తను చూస్తున్న చూపే అది.

మందు వేళయింది. నర్సు సిరంజిలో కొలిచి ఇచ్చి, పిల్ల మింగడం తను కళ్ళారా చూడటానికి పక్కనే నిలబడింది. సుభాషిణి మందు గ్లాసు అందించబోతే హిమజ తల తిప్పేసుకుంది. సంచి వైపు చెయ్యి చాపింది.

"దాంతో పొయ్యి."

"తొమ్మిదేళ్ళొచ్చాయే! నవ్విపోతారు."

"దాంతోనే. ఒళ్ళో పెట్టుకుని."

సుభాషిణి మంచం ఎక్కి కూచుంది. పొడుగు కాళ్ళు మంచం దిగి వేలాడుతుండగా పిల్ల ఒళ్ళోకి ఒదిగి నోరు తెరిచింది. మందు చేదుకి మొహం వికారంగా పెట్టి, మింగి, తల్లి కొంగుతో మూతి తుడుచుకుంది.

"డాక్టరాంటీ ఇంకో చిట్టెమ్మని చేస్తుందిగా," అంది. "దానికి మాత్రం నేనే పెడతాను. నువ్వు పెట్టకు. నువ్వు నాకు పెట్టు."